లింగప్ప అడగని సంగతి

పుంగనూరు బస్టాండులో ఆ రోజు లింగప్ప మూడు కుప్పం బస్సులు వదిలేశాడు. ముందు డోరు పక్క సీటు దొరికితే తప్ప ఎక్కనని పట్టు. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి ఆ డోరు దగ్గర నిలబడడానికే చోటు ఉండడం లేదు, ఇక సీటు సంగతి దేవుడెరుగు. పక్కన భార్య గంగులమ్మ రెండు సంచులు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. ఒక సంచిలో కూతురికీ అల్లుడికీ పెట్టవలసిన కొత్త బట్టలు, రెండోదాంట్లో ఇంట్లో కాచిన నెయ్యి. కుప్పంలో కాపురముంటున్న కూతురు వనిత కొత్తిల్లు కట్టుకుంది. తెల్లవారితే గృహప్రవేశం.

"ఆ సీటే కావల్లంటే నువ్వు బస్సు కొనుక్కోవల్ల మామా," అంది గంగులమ్మ. ఆమె లింగప్పకు సొంత అక్క కూతురు. పెళ్ళయి ముప్పై తొమ్మిదేళ్ళయినా ఆ పిలుపు మారలేదు.

లింగప్ప మెడ చాచి తరువాతి బస్సు కోసం చూశాడు. అరగంటకోసారి ఒంటికి వస్తోంది, డోరు దగ్గరుంటే డ్రైవరును బతిమాలుకుని దిగొచ్చు అని ఒక్క మాట అంటే తీరిపోయేదానికి మూడు బస్సులు వదిలేశాడు. మగవాళ్ళ తీరే అంత. పన్ను నొప్పి పుడితే వీధి వీధంతా వినేట్టు మూలుగుతారు. నడుం కింద ఏదైనా అయితే మాత్రం నోటికి తాళం వేసుకుంటారు. అందులో ఈ లింగప్ప తాళం ఇంకా గట్టిది.

దానికీ ఒక కారణముంది. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో అటెండరుగా పనిచేసి రిటైరైన మనిషి. తండ్రి కూలికి పోయినవాడు, ఇంట్లో మొదటి జీతం లింగప్పదే. ఆసుపత్రిలో ఆయన పేరు మోగింది ఒకే ఒక్క పనిలో. రైతులు కోడెలకు విత్తులు కొట్టించడానికి తోలుకొస్తే, తాడు వేసి కోడెను పడగొట్టి అది కదలకుండా పట్టుకునేది లింగప్పే. డాక్టరు పెద్ద ఇనుప పటకారుతో నొక్కి పక్కకు జరిగేదాకా ఆయన పట్టు సడలేది కాదు. అట్లా ఎన్ని వందల కోడెలను పట్టుకున్నాడో లెక్క లేదు. తరువాత వాటికి ఏమవుతుందో కూడా ఆయన చూశాడు. ఊరంతటినీ హడలగొట్టిన కోడె ఆరు నెలలకు మెడ వాల్చేసి, పక్కన ఆవు నిలబడినా తల తిప్పకుండా గడ్డి మేసేది. రైతు సంతోషపడేవాడు. లింగప్పకు మాత్రం దాని మొహం చూడబుద్ధయ్యేది కాదు.

మూడేళ్ళ కింద లింగప్పకు మూత్రం ఇబ్బంది మొదలైంది. వచ్చినట్టుంటుంది, పోయి నిలబడితే రాదు. వచ్చినా సన్నగా, తెగి తెగి వస్తుంది. అయిపోయిందని పంచె సర్దుకుంటే నాలుగు చుక్కలు పంచెలోనే పడతాయి. రాత్రికి ఆరుసార్లు లేచేవాడు. రెండేళ్ళు అట్లాగే ఓర్చుకుని పోతే, మదనపల్లెలో సురేంద్ర అనే డాక్టరు స్కానింగు చేయించి, ప్రోస్టేట్ గ్రంథి వాచిందని చెప్పి, రాత్రిపూట వేసుకోమని ఒక మాత్ర రాసిచ్చాడు. మాత్ర బ్రహ్మాండంగా పనిచేసింది. పది రోజులకే ధార నిలకడగా వచ్చింది, కంటి నిండా నిద్రపట్టింది. గంగులమ్మ కూడా తేటపడింది.

కానీ ఇంకోటి జరిగింది. భార్య దగ్గరికి పోయినప్పుడు అంతా మామూలుగానే ముగిసింది గానీ, చివరికి రావలసింది రాలేదు. ఒట్టి పొడి. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆ పటకారు చేసే పనినే ఈ మాత్ర లోపల్నుంచి చేస్తోందని లింగప్ప తీర్మానించుకున్నాడు. ఫోను చేసి డాక్టరునో, పక్కనున్న మెడికల్ షాపువాణ్ణో ఒక్క మాట అడిగితే పోయేది. అడిగితే లింగప్ప ఎందుకవుతాడు? ఎవరికీ చెప్పకుండా మాత్రలు నిలిపేశాడు. గంగులమ్మ చూస్తుందని రోజుకొకటి విప్పి పేడదిబ్బలో పారేశాడు.

రోగం తిరిగొచ్చింది, రెండింతలై వచ్చింది. ఒకసారి ఇద్దరూ దగ్గరగా ఉండగా మధ్యలో లేచి పరుగెత్తాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఒళ్ళు చల్లబడి ఇక ఏదీ లేవలేదు. ఇంకో రోజు నిద్రలోనే పక్క తడిసింది. చెంబు ఒలికిందని అబద్ధమాడాడు. ఆ మర్నాడే, ఆవు ఈనబోతోంది దగ్గర ఉండాలని మంచం కొట్టంలోకి మార్చాడు. ఆవు ఈనింది. ఆ దూడ ఇప్పుడు గడ్డి కొరుకుతోంది. లింగప్ప ఇంట్లోకి రాలేదు. ఎందుకని గంగులమ్మ అడిగితే లోపల ఉక్కపోతగా ఉండాదన్నాడు. డిసెంబరు నెలలో పుంగనూరు పక్క పల్లెలో ఉక్కపోత!

నాలుగో బస్సు గంగులమ్మే ఆపింది. ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించింది. సీటు దొరికింది గానీ వెనక చక్రం మీద. లింగప్ప పొద్దున్నుంచి పచ్చినీళ్ళు ముట్టలేదు. నీళ్ళు తాగకపోతే ఒంటికి రాదని ఆయన లెక్క. పలమనేరు దాటేదాకా ఆ లెక్క నడిచింది. ఆ తరువాత బస్సు గుంతలో పడినప్పుడల్లా పొత్తికడుపు కింద పోటు మొదలైంది.

"మామా, ఒకటి అడుగుతా, నిజం సెప్పు," అంది గంగులమ్మ గొంతు తగ్గించి. "నా మింద ఏమన్నా కోపమా నీకు?"

"ఇంతమంది మధ్యలో ఏం మాటలు మే ఇవి?"

"ఇంట్లో మాట్లాడదామంటే నువ్వు కొట్టంలోనించి వస్తే గదా. అందరూ అడగతాండారు నన్ను. నీళ్ళకాడ అడగతాండారు. ఏం సెప్పల్ల నేను?"

లింగప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. భార్య ముఖం చూసే ఓపిక ఆయనకు లేదు. నిజం చెప్పాలంటే ఏ ఓపికా లేదు. మాత్ర పనిచేసిన ఆ కొన్నాళ్ళు తప్ప, మూడేళ్ళుగా వరుసగా నాలుగు గంటలు నిద్రపోని మనిషి ఆయన. కోపమంటే లేదు, ప్రేమ లేకా కాదు, రోజంతా ఒళ్ళు బరువు, తల బరువు, ఎక్కడికి పోయినా ముందు చాటు ఎక్కడుందా అని వెతుక్కోవడం. పెళ్ళికి పోయినా అదే, చావుకు పోయినా అదే. అట్లా బతికి బతికి ఆయన విసిగిపోయి ఉన్నాడు.

వెంకటగిరికోటలో బస్సు పది నిమిషాలు ఆగింది. లింగప్ప అందరికంటే ముందు దిగి, మరుగుదొడ్డికి పోయి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. ఒక్క చుక్క రాలేదు. ముక్కాడు, దగ్గాడు, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. "పెద్దాయనా, ఆడనే కాపురముంటావా ఏంది," అని ఒకడు పరాచికమాడాడు. వెనక మనిషి ఉన్నాడని తెలిస్తే అసలే రాదు. పక్కకు జరిగి వాళ్ళను పోనిచ్చి మళ్ళీ నిలబడ్డాడు. కడుపు బిగదీసిన డప్పులా ఉంది. చెమటలు పట్టాయి. బయట కండక్టరు విజిల్ వేశాడు. మగవాళ్ళ మరుగుదొడ్డి వాకిట్లోకి గంగులమ్మ వచ్చి, సిగ్గూ ఎగ్గూ లేకుండా "మామా, మామా" అని అరిచింది.

అక్కడి నుంచి కుప్పం దాకా లింగప్ప పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. గంగులమ్మ ఇక ఏమీ అడగలేదు. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, ఆయన వద్దనలేదు. వద్దనడానికి కూడా శక్తి ఉండాలి కదా. బస్టాండుకు అల్లుడు బండి తెచ్చాడు. ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ ఒకతను లోపలికి పైపు వేసి సంచి తగిలించాడు. సంచి నిండింది, మార్చాల్సి వచ్చింది. లీటరు దాటింది. ఆ నొప్పి దిగిపోతుంటే లింగప్పకు కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. అరవై నాలుగేళ్ళ బతుకులో అంత సుఖం ఎప్పుడూ తెలియదనిపించింది. నర్సు రోజా కాగితం పట్టుకుని వచ్చింది.

"తాతా, ఏం మాత్రలు వాడతాండావు?"

"ఏమీ ల్యా."

"ఏమీ లేకేం, మదనపల్లె డాక్టరు రాసిచ్చినవి దినామూ ఏసుకుంటాడు మ్మా," అంది గంగులమ్మ. "నేనే గ్లాసుతో నీళ్ళిస్తా."

లింగప్ప పైకప్పు ఫ్యాను చూస్తూ, "నిలిపేసినా," అన్నాడు.

"ఎన్ని దినాలాయె?"

"తొమ్మిది నెలలు."

నర్సు తిట్టాల్సిన నాలుగు తిట్లూ తిట్టింది. ఇట్లా ఆపేస్తే కిడ్నీలు పోతాయని చెప్పింది, ఎవరి దగ్గర చూపించుకున్నారో ఆ డాక్టరు దగ్గరికే వెంటనే పొమ్మంది. గంగులమ్మ ఆమె మాటలు వింటున్నట్టు తలాడిస్తోంది గానీ వినడం లేదు. తొమ్మిది నెలలు అన్న దగ్గరే ఆగిపోయింది. మంచం కొట్టంలోకి మారి ఎన్నాళ్ళయిందో ఆమెకు వేరే లెక్క అక్కర్లేదు. నర్సు పోయాక, "యాల నిలిపేసినావు?" అని అడిగింది. లింగప్ప నిద్ర వస్తోందన్నాడు. అప్పుడు మాత్రం అది అబద్ధం కాదు. రెండు నిమిషాల్లో గురక పెట్టాడు.

మర్నాడు గృహప్రవేశంలో లింగప్ప ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. పంచె కింద సంచి. వచ్చినవాళ్ళు ఏమైందని అడిగితే కిడ్నీలో రాయి అని చెప్పమని కూతురికీ భార్యకీ ముందే గట్టిగా చెప్పాడు. రాయి అంటే పరువైన జబ్బు. ఎవరికైనా వస్తుంది, ఎవరైనా అయ్యో అంటారు. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సాయంత్రానికి కుప్పంలోని చుట్టాలంతా ఎవరెవరి కిడ్నీలో ఎంతెంత రాళ్ళు పడ్డాయో ఆయనకు వివరంగా చెప్పిపోయారు.

మూడో రోజు వనితతో కలిసి ముగ్గురూ కారు మాట్లాడుకుని మదనపల్లె పోయారు. వనిత బయట చీటీ రాయిస్తుండగా భార్యాభర్తలిద్దరినీ లోపలికి పిలిచారు. డాక్టరు సురేంద్ర నలభై దాటిన మనిషి, పొద్దున్నుంచి రోగుల్ని చూసి చూసి ఆయన కళ్ళు కూడా అలిసిపోయి ఉన్నాయి. కాగితాలు తిరగేసి, ఇక మాత్రలతో కాదు, మూత్రనాళంలోంచి పోయి గ్రంథిని లోపల్నుంచి గీకేయాలి, పైన కోత ఉండదు, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పోవచ్చు అన్నాడు.

లింగప్ప కుర్చీ అంచుకు జరిగాడు. "సార్, ఒక మాట అడగల్ల," అన్నాడు. భార్య వైపు చూసి ఆగాడు.

"ఆమె ఉండనీ పెద్దాయనా. రేపు సంతకం పెట్టాల్సింది ఆమేగా. అడుగు."

"నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసినోణ్ణి సార్. కోడెలకు విత్తులు కొట్టేటప్పుడు పట్టుకునింది నేనే. ముప్పై ఏండ్లు పట్టుకుంటి. ఇదీ అట్లాంటిదేనా?"

డాక్టరు నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు. స్కానింగు కవరు వెనక పెన్నుతో బొమ్మ గీశాడు. "మీరు కోడెకు నొక్కేది ఇక్కడ. నేను గీకేది ఇక్కడ, మూత్రం సంచి మెడ దగ్గర. నేను విత్తుల జోలికి పోను. కోడెకు అయినట్టు నీకు కాదు."

"మరి మాత్రకు పొడిబారి పాయె గదా సార్," అన్నాడు లింగప్ప. ఆ మాట తొమ్మిది నెలలు కడుపులో ఉండి ఉండి ఇప్పటికి బయటికొచ్చింది.

"పొడిబారలేదు. ఆ మాత్ర వేసుకుంటే కొందరికి వీర్యం ముందుకు రాదు, వెనక్కి మూత్రం సంచిలోకి పోతుంది. మాత్ర ఆపితే మళ్ళీ మామూలే. రాసిచ్చినప్పుడే నేను చెప్పాల్సింది. చెప్పలేదు." డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "ఇప్పుడు మాత్రం అన్నీ చెప్తా, ఇద్దరూ వినండి. ఆపరేషన్ తరువాత కూడా పొడిగానే ఉంటుంది, అది చాలామందికి ఇక మారదు. దానివల్ల నష్టం లేదు. కోరిక పోదు. గట్టిదనం చాలామందికి ముందెట్లా ఉందో అట్లే ఉంటుంది, కొందరికి తగ్గుతుంది. నీకు తగ్గదని నేను రాసివ్వలేను. కానీ పెద్దాయనా, రాత్రికి ఆరుసార్లు లేచేవాడికి, ఎప్పుడు పక్క తడుస్తుందో అని భయపడేవాడికి కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? నీకు సగం పోయింది ఆ భయంతోనే."

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు భార్యాభర్తలు దూరంగా ఉండాలని, బరువులెత్తకూడదని చెప్పి పంపాడు.

బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. గంగులమ్మ స్కానింగు కవరు తిప్పి డాక్టరు గీసిన బొమ్మ చూసింది.

"దీనికా?" అంది. "దీనికా తొమ్మిది నెలలు నన్ను ఏడిపిస్తివి?"

"ఎట్ల సెప్పల్ల మే?"

"నోటితో సెప్పల్ల. నేను ఏమనుకుంటినో తెలుసా నీకు? సదుం ఊర్లో ఎవుర్తో ఉండాదనుకుంటి."

లింగప్పకు అంత నీరసంలోనూ నవ్వాగలేదు. "నాకా? సదుం పోయే లోపల బస్సు నాలుగుసార్లు ఆపల్ల. ఎవుర్తి ఒప్పుకుంటాది?"

గంగులమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నాది పనికిరాని ఒళ్ళయిపోయిందనుకుంటి," అంది. లింగప్పకు మాత్రం గుండె మీదినుంచి పెద్ద బరువు దిగినట్టుంది, ఆ తేలికలో భార్య మాట సగమే వినిపించింది.

లింగప్పను అక్కడే చేర్చుకుని, మర్నాడు పొద్దున సంతకాల కాగితం తెచ్చారు. అదే మదనపల్లెలో ఇరవై రెండేళ్ళ కింద ఇంకో ఆసుపత్రిలో లింగప్ప ఇట్లాంటి కాగితం మీద సంతకం చేశాడు. అప్పుడు గంగులమ్మకు ముప్పై నాలుగేళ్ళు. నెలకు పదిహేను రోజులు రక్తం పోతుండేది, గర్భసంచి తీసేయాలన్నారు. ఎక్కడ పెట్టాలో చూపిస్తే కాగితాన్ని గోడకు ఆనించి సంతకం గీకి, టీ తాగడానికి పోయాడు. గంగులమ్మ అట్లా పెట్టలేదు. "అంతా సదువమ్మా, నాకు సదువు రాదు," అని నర్సును పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్కో వాక్యానికీ ఆపి అడిగింది. నొప్పి ఎన్ని దినాలుంటాది, రక్తం పోతే ఏం సేస్తారు, మత్తు ఎప్పుడు దిగుతాది. అరగంట పట్టింది. ఇదెక్కడి చాదస్తం అని మంచం మీద లింగప్ప విసుక్కున్నాడు. ఆమె వేలిముద్ర వేయలేదు, నేర్చుకున్న నాలుగక్షరాలతో పేరు రాసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. పల్లెకు పోతే ఈ మనిషి గడ్డిమోపు ఎత్తకుండా ఊరుకోడని వనిత తండ్రిని కుప్పం తీసుకుపోయింది. గొడ్లను పక్కింటి మునిరాజ చూసుకుంటానన్నాడు. మొదటి రెండు వారాలు లింగప్పకు మంట, దగ్గితే చుక్కలు, నెత్తురు చారలు. డాక్టరు ముందే చెప్పాడు గనుక ఓర్చుకున్నాడు. నాలుగో వారానికి ధార నిలబడింది. ఆరో వారానికి ఒక్కసారి పడుకుంటే తెల్లారాకే లేవడం. అంత నిద్రపోయినా ఒంట్లోంచి మూడేళ్ళ అలసట ఒక్కసారిగా పోలేదు. మధ్యాహ్నం అన్నం తినగానే కుర్చీలోనే తల వాలిపోయేది.

ఆరు వారాలు దాటాక మదనపల్లె పోయి చూపించుకుని వచ్చారు. ఆ మర్నాడు పొద్దున కూతురూ అల్లుడూ ఉద్యోగాలకు పోయారు. గంగులమ్మ వంటింటి గడపలో కూర్చుని, నానబెట్టిన అనపగింజల్ని వేళ్ళ మధ్య పట్టి పితుకుతోంది. పప్పు గిన్నెలోకి జారుతోంది, తొక్క చేతిలో మిగులుతోంది. లింగప్ప కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"డాక్టరు ఇంక మామూలుగా ఉండొచ్చు అనె గదా," అన్నాడు.

"వింటి గదా నేనూ."

"అదే. నాతో ఏమయితాదో ఏమో. ముందర మాదిరి ఉండనేమో మే." ఈసారి దాచుకోకుండా చెప్పాడు. చెప్పడం కొంచెం అలవాటైంది. "మనసు శానా కష్టంగా ఉండాది."

"ముందర అంటే ఎప్పుడు?"

"నీకు ఆపరేషన్ అయినాక. పిల్లల భయం లేకుండా. ఒక పదేండ్లు ఎంత బాగుంటిమి మనం. ఆ దినాలు తలుసుకుంటేనే ఏడుపొస్తాది."

గంగులమ్మ చేతులు ఆగాయి. గిన్నెలోకే చూస్తూ అంది.

"నాకు నొప్పిగా ఉండేది మామా."

"ఎప్పుడు?"

"ఆ పదేండ్లు."

బయట వీధిలో కూరగాయల బండి మైకు పెట్టుకుని పోతోంది.

"యాల సెప్పలే?" అన్నాడు లింగప్ప.

"నువ్వు అడగలే." ఆమె గొంతులో కోపం లేదు, అది ఉంటే లింగప్ప తట్టుకునేవాడు. "గర్భసంచి తీసేసిన ఆడదాన్ని మొగోడు వొదిలేస్తాడు, జాగ్రత్తమ్మా అని మన అవ్వ సెప్పె. నీ తల్లే సెప్పె. పల్లు కరుసుకోని ఉంటి. నువ్వు నిద్రపోయినాక లేసి వేన్నీళ్ళతో కడుక్కుంటాంటి. కొన్నాళ్ళకు ఆ నొప్పి అలవాటైపాయె."

గంగులమ్మ గిన్నె పక్కకు జరిపింది.

"అప్పుడు ఆపరేషన్ సేసిన డాక్టరమ్మ నీకు సెప్పింది, మూడు నెలలు దూరంగా ఉండమని. మంచం మింద పండుకోని నేను వింటానే ఉంటి. నువ్వు నెలకే వస్తివి. మొన్న నీకు ఆరు వారాలని సెప్పినప్పుడు నాకు అదే గుర్తొచ్చె."

నాకు గుర్తు లేదు అనొచ్చు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట, ఎవరూ తప్పు పట్టరు. కానీ లింగప్పకు గుర్తుంది. ఆ డాక్టరమ్మ ఎక్కడ నిలబడి చెప్పిందో కూడా గుర్తుంది. కష్టపడి ఈనిన ఆవును తొందరపడి కోడె దగ్గరికి తోలొద్దని, మూడు నెలలు ఆగమని, వినని రైతులతో ఆయన గొంతు చించుకుని పోట్లాడిన రోజులవి. నోరులేని జీవం, మీకు జాలి లేదా అని తిట్టేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి పోయేవాడు. తన బతుకులో బాగున్న కాలం అదేననుకుని, అది పోయిందని మూడేళ్ళుగా కుమిలిపోయాడు. ఇప్పుడు ఆ కాలం వైపు తల తిప్పి చూడడానికి ఆయనకు సిగ్గేసింది. పంచె తడిసినప్పుడు వేసిన సిగ్గు కాదు. దీన్ని ఏ చాటుకు పోయి దాచుకోవాలో తెలియలేదు.

కుర్చీలోంచి దిగి ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడూ నొప్పి ఉంటాదా?"

"తెలీదు."

"అయితే ఏం సేద్దాం? నువ్వే సెప్పు మే. నువ్వు వద్దంటే వద్దు."

ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఈ విషయంలో ఆయన ఆమెను ఒక మాట అడగడం అదే మొదటిసారి. గంగులమ్మ ఆయన ముఖంలోకి చూసింది, హేళన కాదు కదా అన్నట్టు చాలాసేపు చూసింది.

"నన్ను ఆలోసించుకోనీ," అంది.

"ఆలోసించుకో," అన్నాడు లింగప్ప.

ఆమె మళ్ళీ గింజ తీసుకుని పితికింది. ఆయన లేచి పోలేదు, మళ్ళీ అడగలేదు. అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.